గుండె దడ: నాడిని గమనించడం, వైద్యుణ్ణి కలవడం

విశ్రాంతిగా ఉన్న మనిషి గుండె సాధారణంగా నిమిషానికి 60 నుంచి 100 సార్లు, రోజు మొత్తం మీద సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఇంతటి పని ఎడతెరిపి లేకుండా సాగుతున్నా దాని అలికిడి మనసుకు తెలియకపోవడమే ఆరోగ్యవంతుల సహజస్థితి. ఆ కొట్టుకోవడం ఉన్నట్టుండి తెలిసిరావడమే గుండె దడ. అది వేగంగా తోచవచ్చు, బలంగా తోచవచ్చు, మధ్యలో ఒక దెబ్బ తప్పిపోయినట్టు అనిపించవచ్చు, గొంతు దగ్గర ఏదో అదిరినట్టు ఉండవచ్చు. ఇది వ్యాధి లక్షణమే తప్ప తనంతట తాను వ్యాధి కాదు కనుక, దాని వెనుక ఉన్న లయ ఏమిటో తెలిసేదాకా తోసిపుచ్చడానికీ వీల్లేదు, ప్రాణాపాయమని నిర్ణయించుకోవడానికీ వీల్లేదు. ఆ లయ తెలియాలంటే దడ వచ్చిన సమయంలోనే అది నమోదు కావాలి. దడ ఎక్కువగా ఇంట్లోనో దారిలోనో వచ్చి, వైద్యుడి ముందు కూర్చునే సరికి తగ్గిపోతుంది కాబట్టి ఆ నమోదులో రోగి పాత్ర, రోగి పక్కన ఉన్నవారి పాత్ర చాలా పెద్దవి.

సికింద్రాబాద్ ఈశాన్యాన సైనికోద్యోగుల నివాసం కోసం సహకార పద్ధతిలో వెలసిన సైనిక్‌పురి వంటి కాలనీలో ఈ విషయానికి ప్రత్యేకమైన సందర్భం ఉంది, ఎందుకంటే కారణం కనపడని గుండె దడ వైద్యశాస్త్రపు దృష్టికి గట్టిగా వచ్చింది సైనికుల ద్వారానే. అమెరికా అంతర్యుద్ధంలో పనిచేసిన సైనికులను పరీక్షించిన జేకబ్ మెండెస్ డా కోస్టా అనే వైద్యుడు, దడ, ఆయాసం, ఛాతీలో నొప్పి, అలసట ఉన్నా గుండెలో నిర్మాణపరమైన లోపం కనపడని స్థితిని 1871లో సవివరంగా ప్రకటించాడు. దానికే తరువాత ‘సైనికుడి గుండె’ అనే పేరు స్థిరపడింది. మొదటి ప్రపంచయుద్ధకాలంలో బ్రిటన్‌లో థామస్ లూయిస్ ఇటువంటి సైనికులనే పరిశీలించి, కొద్దిపాటి శ్రమకే శరీరం అతిగా స్పందించడం ఇందులో ప్రధానమని గుర్తించి, పడుకోబెట్టి ఉంచడం కన్నా క్రమంగా పెంచుతూ పోయే వ్యాయామమే వారికి మేలు చేస్తుందని చూపాడు. దీర్ఘకాలపు ఒత్తిడి, భయం, నిద్రలేమి, జ్వరాల తరువాతి నీరసం గుండె వేగాన్ని ఎలా మారుస్తాయో ఇప్పుడు మరింత స్పష్టంగా తెలుసు. ధైర్యవంతుడికి దడ రాకూడదని, వచ్చినా చెప్పుకోకూడదని అనుకునే పెద్దలు నేటికీ ఉన్నారు. సైన్యంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసినవారిలో ఈ సంకోచం మరీ ఎక్కువగా ఉండవచ్చు. యుద్ధం చేసిన మనుషుల్లోనే ఈ బాధను వైద్యులు వివరంగా గుర్తించారన్న చరిత్ర అటువంటివారికి తెలియడం అవసరం.

గుండె లయ గురించిన మరొక పాఠం నేరుగా హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాలదే. అప్పట్లో శస్త్రచికిత్సలో మత్తు కోసం వాడిన క్లోరోఫామ్ ముందుగా శ్వాసను ఆపి చంపుతుందా, గుండెను ఆపి చంపుతుందా అన్న వివాదాన్ని తేల్చడానికి, బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్‌గానూ హైదరాబాద్ మెడికల్ స్కూల్ అధిపతిగానూ ఉన్న ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక సంఘాన్ని ఏర్పాటు చేశాడు. దాని తీర్పును లండన్ వైద్యలోకం ప్రశ్నించగా, ఆరో నిజాం ధనసహాయంతో లాడర్ బ్రంటన్‌ను అక్కడి నుంచి రప్పించి 1889లో రెండో సంఘం పనిచేసింది. జంతువులపై చేసిన ఎన్నో ప్రయోగాల తరువాత, ముందు ఆగేది శ్వాసేనని, శ్వాసను గమనిస్తే చాలునని ఆ సంఘం తేల్చింది. కానీ 1911లో గుడ్‌మన్ లెవీ, క్లోరోఫామ్ మత్తు తేలికగా ఉన్న సమయంలో అడ్రినలిన్ ప్రభావం తోడైతే గుండె దిగువ గదులు లయ కోల్పోయి వట్టినే వణికే స్థితి, అంటే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్, కలిగి హఠాత్తుగా మరణం సంభవించగలదని నిరూపించాడు. హైదరాబాద్‌లో పనిచేసిన వారి నిష్ఠలో లోపమేమీ లేదు. 1889 నాటికి గుండె విద్యుత్తును వైద్యానికి పనికివచ్చేంత స్పష్టంగా గీతగా నమోదు చేసే ఈసీజీ యంత్రం ఇంకా రాలేదు, హాలండ్‌లో విల్లెమ్ ఐంతోవెన్ దానిని రూపొందించింది 20వ శతాబ్దం మొదట్లో. లయ గీతగా కనపడనంత కాలం నిపుణులు సైతం పొరపడ్డారంటే, ఛాతీలోని అనుభూతిని మాత్రమే నమ్మి ‘ఇది గ్యాసే’ అనో ‘ఇది హార్ట్ ఎటాకే’ అనో ఇంట్లో తీర్పు చెప్పడం ఎంతవరకు నమ్మదగినదో ఆలోచించవలసిందే.

గుండె కుడివైపు పై గదిలో సైనస్ నోడ్ అనే చిన్న కణజాలం ఉంటుంది. అక్కడ పుట్టిన విద్యుత్ ప్రేరణ పై గదులైన కర్ణికల గుండా ప్రయాణించి, మధ్యనున్న ఏవీ నోడ్ దగ్గర లిప్తకాలం ఆగి, దిగువ గదులైన జఠరికలకు చేరి వాటిని సంకోచింపజేస్తుంది. ఒక్కొక్కప్పుడు సైనస్ నోడ్ వంతు రాకముందే మరొక చోటి నుంచి ప్రేరణ పుట్టి ఒక దెబ్బ ముందుగా పడుతుంది. ఎక్టోపిక్ బీట్ అనే ఇది దడలో మొదటి రకం. అలా తొందరపడి పడిన దెబ్బకు గుండెలో రక్తం పూర్తిగా నిండదు కనుక అది బలహీనంగా ఉండి తెలియదు. దాని తరువాత కాస్త విరామం వస్తుంది, ఆ విరామంలో గుండె మామూలు కన్నా ఎక్కువగా నిండుతుంది, తరువాతి దెబ్బ గట్టిగా పడుతుంది. మనిషికి తెలిసేది ఆ విరామమూ ఆ గట్టి దెబ్బా. గుండె ఆగి మళ్ళీ మొదలైందని చాలామంది భయపడే అనుభూతికి అసలు కారణం ఇంతే. 24 గంటలు గుండె లయను నమోదు చేస్తే ఆరోగ్యవంతుల్లో కూడా ఇటువంటి దెబ్బలు తరచుగా కనిపిస్తాయి. వాటిలో అధికభాగం ఆ మనిషికి తెలియను కూడా తెలియవు. రాత్రి ఎడమవైపుకు ఒత్తిగిలి పడుకున్నప్పుడు గుండె ఛాతీ గోడకు దగ్గరవుతుంది కనుక, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది కనుక, అవి అప్పుడే బాగా తెలుస్తాయి. గుండె నిర్మాణం బాగున్నవారిలో అప్పుడప్పుడు వచ్చే ఎక్టోపిక్‌లకు చాలాసార్లు మందులే అవసరం ఉండదు. అయితే రోజు మొత్తం దెబ్బల్లో అవి పదో వంతును దాటిపోయినా, వ్యాయామం చేస్తున్న కొద్దీ పెరిగినా, గుండె కండరం క్రమంగా బలహీనపడకుండా వైద్యుడి పర్యవేక్షణ కావాలి.

రెండో రకం దడలో లయ సరిగానే ఉంటుంది, వేగమే ఎక్కువవుతుంది. దీనిని సైనస్ టాకికార్డియా అంటారు, అంటే సహజమైన కేంద్రమే అవసరాన్ని బట్టి వేగంగా పనిచేయడం. ఇది మెల్లగా మొదలై మెల్లగా తగ్గుతుంది. ఈ ఒక్క గుర్తు చాలాసార్లు దారి చూపుతుంది. జ్వరం, భయం, మే నెల ఎండలో నీళ్ళు తాగకుండా తిరగడం, విరేచనాలు, గర్భం, రుతుక్రమం ఆగిపోయే వయసు, షుగరు మందు వేసుకుని భోజనం ఆలస్యం చేసినప్పుడు రక్తంలో చక్కెర పడిపోవడం, ఇవన్నీ గుండెను వేగిరపరుస్తాయి. వీటన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినవి రక్తహీనత, థైరాయిడ్. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య వయసు స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. హీమోగ్లోబిన్ తగ్గితే ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువును శరీరమంతటికీ చేర్చడానికి గుండె వేగంగా కొట్టుకోక తప్పదు. మెట్లెక్కితే దడ వస్తోందని చెప్పిన ఇల్లాలికి ‘నీకు టెన్షన్ ఎక్కువ’ అని సమాధానం చెప్పి ఊరుకునే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఒక సాధారణ రక్తపరీక్షతో బయటపడే కారణాన్ని ఆమె స్వభావానికి అంటగట్టడం అన్యాయం. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా, థైరాయిడ్ మాత్ర మోతాదు అవసరానికి మించినా దడతో పాటు బరువు తగ్గడం, చేతులు వణకడం, చెమటలు కనిపిస్తాయి.

మందుల సంగతి కూడా చూడాలి. జలుబుకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని మాత్రల్లో ముక్కుదిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ వంటివి ఉంటాయి. ఆస్తమాకు పీల్చే సాల్బ్యుటమాల్ కూడా కొంతసేపు దడ పుట్టిస్తుంది. అలా అని ఆస్తమా మందును తనంతట తాను మానేయడం అంతకన్నా పెద్ద ప్రమాదం. మద్యం అతిగా తాగిన తరువాత లయ చెదరడం వైద్యులకు సుపరిచితం. కాఫీ, టీల మీద మోపే నిందలో మాత్రం కొంత అతిశయం ఉంది: 2023లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో, కాఫీ తాగిన రోజుల్లో పై గదుల ఎక్టోపిక్‌లు చెప్పుకోదగినంతగా పెరగలేదు, దిగువ గదుల ఎక్టోపిక్‌లు కొంత పెరిగాయి, నిద్ర తగ్గింది. కనుక కాఫీ తాగిన ప్రతిసారీ దడ వచ్చేవారు తగ్గించుకోవడం సబబు. ఏ ఇబ్బందీ లేనివారు ఉదయపు కాఫీని వదులుకోనవసరం లేదు. ఈ సడలింపు ఎనర్జీ డ్రింకులకు వర్తించదు, వాటిలో కెఫీన్ మోతాదు ఎక్కువ.

మూడో రకం దడ స్విచ్ వేసినట్టు మొదలై అలాగే ఆగిపోతుంది. నిమిషానికి 150 నుంచి 220 దాకా, లెక్కపెట్టలేనంత వేగంగా కానీ క్రమబద్ధంగా గుండె కొట్టుకుంటుంది. మెడలో కూడా దడదడ తెలుస్తుంది. కొందరికి ఆ తరువాత మూత్రం ఎక్కువగా వస్తుంది. సుప్రావెంట్రిక్యులర్ టాకికార్డియా, క్లుప్తంగా ఎస్‌వీటీ అనే ఈ స్థితిలో విద్యుత్ ప్రేరణ ముందుకు సాగకుండా ఒక చిన్న వలయంలో గిరగిరా తిరుగుతూ ఉంటుంది. యువతీయువకుల్లో కూడా ఇది కనిపిస్తుంది, పైగా చెమట, వణుకు, ప్రాణభయం తోడవుతాయి కనుక దీనిని ఆందోళనగా పొరబడి ఏళ్ళ తరబడి మానసిక వైద్యానికే పరిమితం చేసిన సందర్భాలు వైద్యులకు తెలియనివి కావు. నిజంగా ఆందోళన వల్ల వచ్చే దడ కూడా ఉంది, అదీ చికిత్సకు లొంగేదే. రెండింటినీ వేరుచేయగలిగేది దడ సమయంలో తీసిన ఈసీజీ ఒక్కటే.

ఎస్‌వీటీ అని వైద్యుడు ఇదివరకే నిర్ధారించినవారు ఇంట్లో ప్రయత్నించదగిన ఉపాయం ఒకటుంది. సగం వాలిన స్థితిలో కూర్చుని, నోరు, ముక్కు మూసి 15 సెకన్లు గట్టిగా ముక్కి, వెంటనే వెల్లకిలా పడుకుని, మరొకరు కాళ్ళను 45 డిగ్రీల కోణంలో 15 సెకన్ల పాటు ఎత్తి పట్టుకునేలా చేయడం ఆ పద్ధతి. 2015లో వెలువడిన రెవర్ట్ అనే బ్రిటిష్ అధ్యయనంలో ఇలా చేసినవారిలో నూటికి 43 మందికి ఒక నిమిషంలో లయ సర్దుకోగా, కూర్చుని ముక్కిన పాత పద్ధతిలో 17 మందికే సర్దుకుంది. మెడ పక్కన నాడిని నొక్కడం మాత్రం ఇంట్లో ఎవరూ చేయకూడదు. పెద్దవయసువారిలో అక్కడి రక్తనాళపు పూడిక కదిలి పక్షవాతం రావచ్చు. మాటిమాటికీ ఎస్‌వీటీ వచ్చేవారికి, తొడ రక్తనాళం గుండా సన్నని తీగను పంపి ఆ వలయాన్ని కాల్చివేసే అబ్లేషన్ చికిత్స ఉంది. దీనిలోని సామాన్య రకాన్ని నూటికి సుమారు 95 మందిలో అది నయం చేస్తుంది.

సైనిక్‌పురి వంటి, విశ్రాంత జీవులు అధికంగా ఉండే ప్రాంతంలో అందరికన్నా ముందు గుర్తించవలసినది నాలుగో రకం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో పై గదులు సంకోచించకుండా వణుకుతూ ఉండటం వల్ల నాడి ఏ వరసకూ లొంగకుండా, ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా, ఒకసారి బలంగా, ఒకసారి సన్నగా తగులుతుంది. కదలిక తగ్గిన పై గదిలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈ లయ ఉన్నవారిలో పక్షవాతపు ప్రమాదం సుమారు 5 రెట్లు ఎక్కువ. వయసు, అధిక రక్తపోటు, మధుమేహం, గురకతో నిద్రలో శ్వాస ఆగే జబ్బు దీనికి దారి తీస్తాయి. చిన్నతనంలో కీళ్ళవాత జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతిన్న మన ప్రాంతపు రోగుల్లో ఇది నడివయసుకు ముందే రావచ్చు. చాలామందిలో దడ అనే హెచ్చరికే ఉండదు. అందువల్ల 65 ఏళ్ళు దాటినవారు దడ ఉన్నా లేకపోయినా అప్పుడప్పుడు నాడి క్రమం చూసుకోవడం, అది చెదిరిందనిపిస్తే కొద్ది రోజుల్లోనే ఈసీజీ తీయించుకోవడం మేలు. రక్తం గడ్డకట్టకుండా చూసే మందు ఎవరికి అవసరమో వయసును, ఇతర జబ్బులను లెక్కించి వైద్యుడు నిర్ణయిస్తాడు. దడ తగ్గిపోయిందని ఆ మందును మానేయడం ప్రమాదకరం, ఎందుకంటే మందు దడకు ఇచ్చినది కాదు, పక్షవాతాన్ని ఆపడానికి ఇచ్చినది.

నాడి చూడటం నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు. కూర్చుని అయిదు నిమిషాలు విశ్రమించిన తరువాత, బొటనవేలి మొదట్లో మణికట్టు మీద చూపుడువేలు, మధ్యవేలు ఆనించి, క్రమంగా ఉంటే 30 సెకన్లు లెక్కించి రెట్టింపు చేయవచ్చు. క్రమం తప్పితే నిమిషం పూర్తిగా లెక్కించాలి. దడ వచ్చిన రోజున తేదీ, సమయం, మొదలైన తీరు, ఆగిన తీరు, ఎంతసేపు ఉన్నది, అప్పుడు చేస్తున్న పని, వేసుకున్న మందులు, నాడి లెక్క రాసిపెట్టుకోవాలి. కొట్టుకుంటున్న వరసను బల్లమీద వేళ్ళతో తట్టి చూపించగలిగితే వైద్యుడికి అది ఎంతో విలువైన సాక్ష్యం. లయ చెదిరినప్పుడు ఇంట్లోని డిజిటల్ బీపీ యంత్రం చూపే అంకె తప్పు కావచ్చు. చేతికి పెట్టుకునే స్మార్ట్ గడియారం తీసే ఈసీజీ పట్టీ ఉపయోగమే, దానిని దాచి చూపించాలి. అందులో ‘నార్మల్’ అని వచ్చినంత మాత్రాన ఛాతీనొప్పిని ఉపేక్షించకూడదు, ఎందుకంటే ఆ గడియారం గుండెపోటును కనిపెట్టలేదు.

కొన్ని సందర్భాల్లో రాసుకుంటూ కూర్చునే వ్యవధి లేదు. దడతో పాటు స్పృహ తప్పినా, కళ్ళు బైర్లు కమ్మి పడిపోబోయినా, ఛాతీలో నొప్పి లేదా బిగుతు వచ్చినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా, మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక చేయి పట్టుతప్పడం వంటివి కనిపించినా వెంటనే 108కు ఫోన్ చేయాలి. సొంతంగా స్కూటరో కారో నడుపుకుంటూ బయలుదేరకూడదు. విశ్రాంతిలోనూ నాడి 120 దాటి, జ్వరం వంటి కారణమేదీ లేకుండా తగ్గకపోతే అదే రోజు ఈసీజీ సౌకర్యం ఉన్న ఆస్పత్రికి చేరాలి. శ్రమ పడుతుండగా దడ వచ్చి కళ్ళు తిరిగినవారు, ఇదివరకు గుండెపోటు వచ్చినవారు, గుండె కండరపు జబ్బు ఉన్నవారు, రక్తసంబంధీకుల్లో చిన్నవయసులో హఠాన్మరణం జరిగినవారు తమ దడ తగ్గిపోయినా సరే ఆలస్యం చేయకుండా హృద్రోగ నిపుణుణ్ణి కలవాలి. ఇవేవీ లేకుండా అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పినట్టుండే మనిషి తీరిక చూసుకుని తన మామూలు డాక్టరును కలిస్తే చాలు.

ఇంట్లో జరిగే కొన్ని పొరపాట్లను ఇక్కడే ప్రస్తావించాలి. గుండె అనగానే పెద్దవారి పెట్టెలో నుంచి సార్బిట్రేట్ మాత్ర తీసి నాలుక కింద పెట్టడం చాలా ఇళ్ళలో ఉంది; అది దడకు మందు కాదు, రక్తపోటును దించి గుండె వేగాన్ని మరింత పెంచగలదు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రను మరొకరి దగ్గర తీసుకుని వేసుకుంటే ఆస్తమా ఉన్నవారికి ఊపిరాడని స్థితి రావచ్చు. గట్టిగా దగ్గితే గుండెపోటు నుంచి ఒంటరిగా బయటపడవచ్చని ఫోన్లలో తిరిగే సందేశాన్ని నమ్మి సమయం పోగొట్టుకోకూడదు. మనిషి కుప్పకూలి పిలిచినా పలకక, శ్వాస మామూలుగా లేకపోతే, పక్కనున్నవారు ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ అంబులెన్సు వచ్చేవరకు ఆపకుండా ఉండటమే ప్రాణం నిలిపే పని.

వైద్యుడు మొదట ఈసీజీ తీసి, హీమోగ్లోబిన్, థైరాయిడ్, పొటాషియం పరీక్షలు రాసి, అవసరమైతే గుండె నిర్మాణం చూడటానికి ఎకో చేయిస్తాడు. దడ లేనప్పుడు తీసిన ఈసీజీ బాగుండటం సహజమే, దానితో విషయం ముగిసినట్టు కాదు. రోజూ దడ వచ్చేవారికి ఒకటి రెండు రోజులు ఒంటిమీద ఉంచే హోల్టర్ యంత్రం సరిపోతుంది. వారానికోసారి వచ్చేవారికి వారం రెండు వారాలు ఉంచే రికార్డరు కావాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చి స్పృహ తప్పించే దడకు చర్మం కింద అమర్చే చిన్న రికార్డరు ఉంది. నెలకోసారి వచ్చే దడకు ఒక్కరోజు హోల్టర్ పెట్టించుకుని ‘ఏమీ లేదన్నారు’ అని సరిపెట్టుకుంటున్న వారు ఈ తేడాను తమ డాక్టరు దగ్గర ప్రస్తావించాలి.

సైనిక్‌పురిలోని మాజీ సైనికులకు, వారిపై ఆధారపడినవారికి 2003 ఏప్రిల్‌లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకం కింద పాలీక్లినిక్ ద్వారా నిపుణుల వద్దకు పంపే ఏర్పాటు ఉంది. తిరుమలగిరిలో మిలిటరీ ఆస్పత్రి, ముషీరాబాద్‌లో గాంధీ ఆస్పత్రి, పంజగుట్టలో నిమ్స్ అందుబాటులో ఉన్నాయి. పిల్లలు విదేశాల్లో స్థిరపడి భార్యాభర్తలిద్దరే ఉండే ఇళ్ళలో ముందస్తు ఏర్పాటు మరింత అవసరం. దడ లేనప్పుడు తీసిన పాత ఈసీజీ నకలు, దడ సమయంలో దొరికిన పట్టీ ఏదైనా ఉంటే అది, వాడుతున్న మందుల పేర్లు, మోతాదులు, అలర్జీలు, ఈసీహెచ్‌ఎస్ కార్డు ఒకే సంచిలో ఉంచి, ఆ సంచి ఎక్కడుందో పక్కింటివారికి కూడా చెప్పి ఉంచాలి; పాత ఈసీజీని కొత్తదానితో పోల్చగలిగినప్పుడు, ఈ మార్పు ఇవాళ్టిదా, ఏళ్ళ నుంచి ఉన్నదా అన్నది అత్యవసర విభాగంలోని వైద్యుడికి కొద్ది నిమిషాల్లోనే తెలుస్తుంది.